మిగిలిన రూపాయలు ఎవరివి?

మీరు ఎన్నడైనను బొంబాయి పట్టణము చూచితిరా? చూడకపోయినను ఆ పేరు వినని పల్లె మా పాలమూరు ప్రాంతమున లేదు. 1995లో దాని పేరు ముంబయి అని మార్చబడినది గాని, మా ఊరి ముసలివారు ఇంకను బొంబాయి అనియే అందురు. కరవు వచ్చినప్పుడెల్ల మన వారు మూటలు కట్టుకొని వెళ్లిన ఊరు అది. ఆ పట్టణములో కామాటిపుర అను పేట ఒకటి కలదు. నిజాము రాజ్యమునుండి కట్టడపు పనులకు వెళ్లిన తెలుగు కూలీలను అక్కడివారు కామాటీలు అనిరి. వారు కాపురమున్న చోటు గనుక ఆ పేరు వచ్చెను. ఆ పేటకు తరువాత వచ్చిన చెడ్డ పేరు వేరు సంగతి. మొదట అది మన వారి చెమటకు వచ్చిన పేరు. వారి వెనుక పద్మశాలీలు బట్టల మిల్లులకు వెళ్లిరి. 1982 జనవరిలో ఆరంభమైన గొప్ప సమ్మె తరువాత అనేక మిల్లులు మరల తెరువబడలేదు. అయినను మన వారు వెళ్లుట మానలేదు. కాబట్టి మనలో చాలమందికి బొంబాయి అనగా ఒక చుట్టము ఇల్లు.

నేడు మీ ముందుంచ గోరు ప్రశ్న ఆ చుట్టము ఇంటిని గూర్చినదే. చేతిలో డబ్బు తక్కువైనవాడు ఖరీదైన పట్టణమునకు వెళ్లి, అక్కడ పది విధములుగా ఖర్చు తగ్గించుకొనును. మంచిదే. అయితే అట్లు తగ్గిన ఖర్చు ఎక్కడికి పోవుచున్నది? అది మాయమగుచున్నదా, లేక మరియొకరి మీద పడుచున్నదా? నేను దీనిని ఏ పుస్తకములోను నేర్చుకొనలేదు. నా తప్పు వలన నేర్చుకొంటిని. ఆ తప్పు చెప్పకుండ ప్రశ్న మాత్రము చెప్పుట నాకు చేతకాదు.

2018 వేసవి సెలవులలో నేనును, నా భార్యయు, ఇద్దరు పిల్లలును బొంబాయి చూడబోతిమి. నేను పల్లెలో ఒక చిన్న ప్రైవేటు బడిలో పంతులును. ఆ జీతమెంతో మీకు తెలిసినదే. రెండు సంవత్సరములు కూడబెట్టగా పదివేల రూపాయలైనవి. అందులోనే రైలు, తిండి, తిరుగుడు, సమస్తము కావలెను. మా సంఘపు పెద్ద ఒకరు, "పంతులూ, పదివేలు పెట్టి చూడవలసినది ఆ ఊళ్ల ఏమున్నది? బోరు బాగుచేయించుకోరాదా?" అనిరి. ఆయన మాట తీసివేయదగినది కాదు. అయినను నేను ఆయనతో ఏకీభవింపలేదు, ఇప్పటికిని ఏకీభవింపను. బీదవాడు కూలికో ఆసుపత్రికో తప్ప ఊరు దాటకూడదనుట న్యాయము కాదు. దేవుడు సముద్రమును ధనవంతుల కొరకు మాత్రమే చేయలేదు.

మెట్ట పొలముల పిల్లలు సముద్రమును మొదటిసారి చూచుట మీరు చూచియుండరు. మెరీన్ డ్రైవు అను సముద్రపు ఒడ్డు బాట చాల పొడవుండును. సాయంకాలమున అక్కడి గోడమీద కోటీశ్వరుడును కూలివాడును ప్రక్కప్రక్కన కూర్చుందురు. ఎవరికిని టిక్కెట్టు లేదు. మా చిన్నది ఆ గోడ ఎక్కి చాలసేపు చూచి, "నాయినా, గింత పెద్ద చెరువుకు అవుతలి కట్ట ఏది?" అని అడిగెను. నేను నవ్వితిని గాని, జవాబు చెప్పుటకు నాకును కొంతసేపు పట్టెను. పుట్టినది మొదలు ఏ నీళ్లు చూచినను వాటికి ఒక కట్ట, ఒక తూము, ఒక అలుగు చూచిన పిల్ల అది. కట్టలేని నీళ్లను ఆ దినమున చూచెను. ఆ ఒక్క ప్రశ్న కొరకు పదివేలును పెట్టవచ్చునని ఇప్పటికిని అనుకొందును.

ఖరీదైన పట్టణములో ఉచితముగా దొరుకునవి ఎన్నో కలవని అప్పుడు తెలిసినది. మేము దిగిన పెద్ద రైల్వే స్టేషనే ఒక చోద్యము. 1887లో విక్టోరియా రాణి పేరిట తెరచిన ఆ కట్టడము నేడు ఛత్రపతి శివాజీ మహారాజు పేరిట ఉన్నది. 2004లో దానిని లోకవారసత్వపు కట్టడములలో చేర్చిరి. ఎదుటి కాలిబాట మీద నిలిచి ఎంతసేపైనను చూడవచ్చును. సముద్రపు అంచున గేట్‌వే ఆఫ్ ఇండియా ఉన్నది. 1911లో ఐదవ జార్జి చక్రవర్తి వచ్చి దిగినందుకు గురుతుగా కట్ట మొదలుపెట్టి 1924లో ముగించిరి. చక్రవర్తి రాక కొరకు కట్టిన ఆ ద్వారముగుండనే 1948 ఫిబ్రవరి 28న చివరి ఆంగ్ల సైనిక దళము వెళ్లిపోయెను. దాని ప్రక్కనే 1903లో తెరచిన తాజ్ హోటలు. మేము దానిని వెలుపలినుండి చూచితిమి; వెలుపలినుండియే అందముగా ఉన్నది.

సంఘస్థులకు ఒక మాట. చర్చిగేటు అను రైల్వే స్టేషను పేరు వినియుందురు. పూర్వము ఆ పట్టణమునకు కోటగోడ ఉండెను. పరిశుద్ధ తోమా దేవాలయమునకు పోవు దారిలో ఉన్న కోటగుమ్మమునకు ఆ పేరు. 1860వ దశాబ్దములో గోడ పడగొట్టిరి, గుమ్మము పోయెను. పేరు మాత్రము లోకల్ రైళ్ల మీద నిలిచియున్నది. దేవాలయమును నిలిచియున్నది. 1718 క్రిస్మసు దినమున మొదటి ఆరాధన జరిగిన ఆ గుడిలో మేము ఒక మధ్యాహ్నము కూర్చుంటిమి. వెలుపల ఎండ మండుచుండెను, లోపల చల్లగా ఉండెను. పిల్లలు బల్లమీదనే నిద్రపోయిరి.

లోకల్ రైలులో రెండవ తరగతి టిక్కెట్టు ఐదు, పది రూపాయలతో సరిపోవును. పదిహేను ఇరవై రూపాయలకు దొరకు వడాపావు ఒకటి తిన్నచో మధ్యాహ్నము గడచును. నేను దినదినము ఖర్చును చిన్న పుస్తకములో వ్రాయుచుంటిని. బస్సు ఎక్కవలసిన చోట నడచితిని. ఒక ఉదయము పరేలు స్టేషనులో దిగి, కూరగాయల బజారు చూడవలెనని దాదరు వరకు నడచుచుండగా టాటా స్మారక ఆసుపత్రి మీదుగా పోతిని. 1941లో తెరచిన ఆ క్యాన్సరు ఆసుపత్రికి దేశపు నలుమూలలనుండి రోగులు వత్తురు. దాని చుట్టుప్రక్కల కాలిబాట మీద కుటుంబములు సంచులు తలక్రింద పెట్టుకొని పండుకొనియుండెను. ఒక స్త్రీ ఎక్కడో తెలుగులో బిడ్డను గద్దించుచున్నట్లు వినబడెను. నేను జాలిపడితిని, ఒక క్షణము నిలిచితిని, బస్సు డబ్బులు మిగిలినవని పుస్తకములో వ్రాసికొంటిని. ఈ సంగతి మరల చెప్పెదను.

ఇంతకు మేమెక్కడ దిగితిమి? లాడ్జి అద్దె విని నా గుండె ఆగెను గనుక, అది తలపులోనికే రానియ్యలేదు. నా భార్య చెల్లెలు, అనగా మా మరదలు, సయన్ స్టేషనుకు దగ్గర ఒక వరుస ఇంటిలో కాపురమున్నది. నా తోడల్లుడు తాపీ మేస్త్రి. వారికి ఒక్కటే గది. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు. మూలలో స్నానపు గచ్చు, పైన ఒక అటక. అందులో వారు నలుగురు. మేము నలుగురము వెళ్లితిమి. ఎనిమిది దినములు ఉంటిమి.

మమ్మును వారు ఆదరించిన విధము చెప్పవలెనంటే నాకు సిగ్గగుచున్నది. తోడల్లుడు, "లోపల ఉక్క, నాకు మేడమీదనే నిద్ర పడ్తది" అని చాప తీసికొని రోజు రాత్రి పైకి పోవుచుండెను. అది నిజమేనని నమ్మితిని. తెల్లవారకముందే ఒక గంటసేపు కొళాయి వచ్చును. నలుగురికి పట్టవలసిన నీళ్లు ఎనిమిదిమందికి పట్టుటకు మరదలు ఎప్పుడు లేచుచుండెనో నాకు తెలియదు, నేను నిద్రలో ఉంటిని. ఆమె మూడిండ్లలో పనిచేయును. అందులో ఒక ఇంటికి మా కొరకు మూడు దినములు పోలేదు. "అమ్మగారు ఊరికి పోయింది" అని మాతో చెప్పెను. రెండుసార్లు కోడికూర వండెను. మేము వద్దనలేదు. వద్దంటే నొచ్చుకొనునని అనుకొంటిమి. అట్లనుకొనుట మాకు అనుకూలముగా కూడ ఉండెను.

బయలుదేరు దినమున ఉదయము చక్కెర కొరకు ఆమె కూతురిని కిరాణా కొట్టుకు పంపగా, ఊరకనే దాని వెంట పోతిని. సేటు ఖాతా పుస్తకము తెరచి వ్రాయుచు, ఆ పిల్లతో హిందీలో ఏదో అనెను. పిల్ల నా వైపు చూచి తల వంచుకొనెను. మాట నాకు పూర్తిగా తెలియలేదు గాని, అంకెలు ఏ భాషలోనైనను అంకెలే గదా. అంతకుముందు పేజీలలో వారమునకు ఆరేడు వందలు ఉన్నది. ఈ వారపు పేజీ రెండువేల నాలుగువందలు దాటియున్నది. నేను చూచితిని. చూచి, చూడనట్లు పిల్లతో తిరిగి వచ్చితిని. స్టేషనులో మన ఆచారము చొప్పున ఇద్దరు పిల్లల చేతులలో చెరి రెండువందలు పెట్టి, ఉదారముగా చేసితినని అనుకొంటిని.

రైలు పుణే దాటిన తరువాత లెక్క చూచికొనగా నా యొద్ద ఇంకను రెండువేల ఆరువందలు మిగిలియుండెను. ఆ ఆదివారము గుడి విడిచిన తరువాత చెట్టు క్రింద అందరికి చెప్పితిని: నలుగురము, ఎనిమిది దినములు, బొంబాయి అంతయు చూచి, డబ్బు మిగుల్చుకొని వచ్చితిమని. బోరు సంగతి ఎత్తిన పెద్దయే, "ఉపాయము గలవాడవు" అని మెచ్చుకొనెను.

నాలుగు నెలల తరువాత మా వీధి చివర నుండు ఒక సహోదరిని పరామర్శింప బోతిని. ఆమె భర్తకు నోటిలో పుండు లేచి, అది క్యాన్సరని తేలి, బొంబాయికి తీసికొనిపోయిరని విని యుంటిని. ఆమె తమ ప్రయాణమును చెప్పుచు, "మీ మరదలు మాకు దూరపు చుట్టమే గదా సారూ, ముందుగాల ఆమెకే ఫోన్ చేసినం. పాపం, ఏడ్చినంత పని చేసింది. ఇంట్ల చుట్టాలు ఉన్నరు, కాలు పెట్ట సందు లేదు, వారం ఆగి రాండ్రి అన్నది. డాక్టరు ఇచ్చిన తారీఖు ఆగుతదా? ఐదు రాత్రులు ఆస్పత్రి బయట బాట మీదనే పండుకున్నం. ఆరోనాడు ధర్మశాలల చోటు దొరికింది" అనెను. ఏ నెల అని అడిగితిని. మే నెల అనెను. ఏ వారమని అడుగవలసిన అక్కర లేకపోయెను.

ఆ వారమే నేను ఆ దారిని నడచితిని. ఆ కాలిబాట మీద తెలుగు మాట వింటిని. అది ఆమెయేనని నేననను. అక్కడ తెలుగువారు ఎందరో ఉందురు. ఆమెతో, "ఆ చుట్టములము మేమే" అని చెప్పితిని. ఆమె కొంతసేపు ఊరకుండి, "మీరేమన్న తెలిసి చేసిండ్రా సారూ" అని నాకు మంచినీళ్లు తెచ్చి ఇచ్చెను. ఆమె భర్త మరుసటి సంవత్సరము ప్రభువునందు నిద్రించెను. మా మరదలి గది దొరికియుంటే బ్రదికెడివాడని నేను చెప్పను, వ్యాధి ముదిరియుండెను. అయితే ఐదు రాత్రులు ఐదు రాత్రులే.

చదువరీ, ఇప్పుడు మీతో వాదింపవలెను. మీరనవచ్చును: చుట్టాల ఇంటికి పోకుండుట ఎట్లు? అతిథిని చేర్చుకొనుట దేవుని ఆజ్ఞ కాదా? మన ప్రభువు తానే జక్కయ్య ఇంటికి పిలువకుండగనే పోయెను గదా? పౌలు లూదియ ఇంట దిగెను గదా? నిజమే. అయితే జక్కయ్య ధనవంతుడు, లూదియ ఊదారంగు బట్టలమ్ము వర్తకురాలు. వారి యిండ్లలో గదులుండెను. అదే పౌలు థెస్సలొనీకలో రాత్రింబగళ్లు కష్టపడి తన తిండి తాను సంపాదించుకొనెను, అక్కడివారికి భారము కాకూడదని. ఏ ఇంట దిగవలెనో, ఏ ఊర చేతులతో పని చేసికొనవలెనో ఆయన ఎరిగియుండెను. నేను ఎరుగకపోతిని.

ఇంకొకరు మరింత బలమైన మాట అనిరి. మా సంఘములో వాక్యము బాగుగా నెరిగిన ఒక యౌవనుడు నాతో, "ఏలీయా సారెపతులో విధవరాలి చివరి పిండిని కూడ అడిగెను గదా, మొదట నాకు రొట్టె చేసి తెమ్మనెను గదా?" అనెను. ఇది నన్ను చాల దినములు ఆలోచింపజేసినది. అడిగెను, నిజమే. అయితే ఏలీయా ఉన్నన్ని దినములు ఆ తొట్టిలో పిండి తక్కువ కాలేదు, బుడ్డిలో నూనె అయిపోలేదు. మా మరదలి ఇంట నూనె అయిపోయినది. సేటు పుస్తకమే దానికి సాక్షి. ప్రవక్తవలె అడుగుటకు ముందు, ప్రవక్తవలె నింపగలనా అని చూచుకొనవలెను గదా.

తొలి సంఘములో కూడ ఈ చిక్కు ఉండెను. 1873లో కాన్‌స్టాంటినోపులులో బ్రియెన్నియోసు అను సంఘాధికారికి పాత చేతివ్రాత ప్రతి ఒకటి దొరికెను. అందులోని ‘డిడాకే’ అను చిన్న ఉపదేశగ్రంథమును ఆయన 1883లో అచ్చు వేయించెను. అది మిక్కిలి పురాతనమైన సంఘక్రమము. అందులో ప్రయాణికులను గూర్చిన కట్టడలున్నవి. ప్రభువు పేరిట వచ్చు బాటసారిని చేర్చుకొని, చేతనైనంత సహాయము చేయవలెను; అయితే అతడు రెండు దినములు, అవసరమైన యెడల మూడు దినములు, అంతకంటె ఎక్కువ ఉండకూడదు. నిలిచిపోగోరినచో పని చేసికొని తినవలెను. బోధకుల విషయములో అది ఇంకను కఠినము: మూడు దినములు కూర్చుండిపోయినవాడు అబద్ధ ప్రవక్త అని పేరు పెట్టిరి. నేనెనిమిది దినములుంటిని. ఆ లెక్కలో నన్నేమని పిలుతురో మీరే చూడుడి. ఈ క్రమము ఆతిథ్యమునకు విరోధులైనవారు వ్రాసినది కాదు. తలుపు ఎల్లప్పుడు తెరచియుండవలెననియే, వెనుక వచ్చువానికి చోటుండవలెననియే వారు ముందు వచ్చినవానికి గడువు పెట్టిరని నేను తలంచుచున్నాను.

పొదుపు చెడ్డదని నేననుట లేదు. అయిదువేలమందికి పెట్టిన తరువాత ప్రభువు ముక్కలు కూడ పోగుచేయించెను. నేను నడచినప్పుడు ఖర్చు నా కాళ్ల మీద పడినది. దానిలో తప్పు లేదు. వడాపావుతో సరిపెట్టినప్పుడు నా కడుపు మీద పడినది. సముద్రపు గాలికి ఎవరి మీదను పడలేదు. అయితే లాడ్జి ఖర్చు మరదలి మీద పడినది, తోడల్లుని నిద్ర మీద పడినది, చివరకు నేనెరుగని రీతిని ఒక రోగి వీపు మీద పడినది. నా పుస్తకములో ఇవన్నియు ఒకే వరుసలో ‘మిగులు’ అని వ్రాయబడియుండెను. స్టేషనులో పెట్టె మోసిన కూలీతో నేను పది రూపాయలకు బేరమాడిన సంగతియు అందులోనే ఉండెను. దానిని గూర్చి ఎక్కువ చెప్పను.

ఇక చేసిన తప్పు దిద్దుకొనుట తప్పు చేయుటకంటె కష్టమైనది. ఆ సహోదరి ఇంటినుండి వచ్చిన రాత్రియే, మిగిలిన రెండువేల ఆరువందలు తోడల్లునికి ఫోను ద్వారా పంపితిని. అర గంటలో అవి తిరిగి వచ్చెను. వెనుకనే మరదలు ఫోను చేసెను. "బావా, మా ఇంటికి బిల్లు కడ్తున్నవా? మా ఇల్లేమన్న హోటలా?" అనెను. నేను కిరాణా పుస్తకము చూచితినని చెప్పగా ఆమెకు మరింత కోపము వచ్చెను. ఏడాదివరకు మా ఇండ్ల నడుమ మాట సరిగా నడువలేదు. డబ్బు తీసికొననప్పుడు నాకు బాధ కలిగెను. తీసికొనియుంటే మరి యేదో పోయియుండునని తరువాత తోచెను. అన్నము పెట్టినదానికి వెల కట్టుట, వెల కట్టకుండ తినిపోవుట, ఈ రెంటి నడుమ సన్నని దారి ఒకటి ఉన్నది. మన పెద్దవారు దానిని మాటలలో చెప్పలేదు గాని నడచి చూపిరి. చుట్టపు చూపునకు పోయిన మా తాత వట్టి చేతులతో ఎన్నడు పోలేదు; కంది పప్పో, చింతపండో, ఒక కోడిపుంజో చంకన ఉండెను. రెండవ దినమునకు ఆయన ఆ ఇంటివారి పొలములో గుంటక తోలుచుండెను. రైలు, ఫోను, పట్టణము వచ్చిన తరువాత మనము చుట్టరికమును ఉంచుకొని ఆ సంచిని వదలివేసితిమి.

2023లో నా కుమారుని ఒక పరీక్ష నిమిత్తము మరల బొంబాయి పోవలసివచ్చెను. ఈ సారి ముందుగనే ఫోను చేసి, మీ ఇంట ఎవరైన రోగులు దిగియున్నారా అని అడిగితిని. లేరని చెప్పెను. ఇరవై కిలోల బియ్యము, కంది పప్పు, పల్లీలు, మామిడికాయ పచ్చడి మోసికొనిపోయితిమి. మోయుటకు కూలీని పిలిచి, అడిగినంత ఇచ్చితిని. రెండు రాత్రులు వారింట ఉంటిమి. కొళాయి వచ్చు వేళకు నేను లేచి బిందెలు పట్టితిని. చాల్‌లోని ఆడవారందరు నన్ను చూచి నవ్విరి. మిగిలిన రాత్రులకు లాడ్జిలో కాక, యౌవనుల కొరకైన క్రైస్తవ సంఘము, అనగా వై.ఎం.సి.ఎ., వారి వసతిగృహములో మంచము కుదుర్చుకొంటిమి. 1844లో లండనులో జార్జి విలియమ్స్ అను బట్టల దుకాణపు గుమాస్తా ఆరంభించిన సంఘము అది. పెద్ద పట్టణములో చేతిలో డబ్బు లేని పల్లెటూరి పిల్లల అవస్థ అతడెరుగును, తానును పల్లెనుండి వచ్చినవాడే గనుక. తాజ్ హోటలు వెనుక వీధిలో సాల్వేషన్ ఆర్మీ వారి విడిది కూడ చాలకాలముగా ఉన్నది. ఇవి ధర్మమునకు దొరకవు, అద్దె కట్టవలెను. దానికి నేను ఆరు నెలలు ముందే కూడబెట్టితిని. దాదరులో గాడ్గే మహారాజు పేరిటనున్న ధర్మశాల వంటివి రోగుల కుటుంబముల కొరకు ఉన్నవి. అవి తక్కువ ఖర్చని చూడవచ్చినవారు అడుగరాదు. ఇది మాత్రము గట్టిగా చెప్పుచున్నాను.

మరదలు నొచ్చుకొన్నదా అందురేమో. నొచ్చుకొన్నది. మూడవ ఉదయము మేము సంచులు సర్దుచుండగా, "ఇల్లు చిన్నగున్నదనే పోతున్నవు, నాకు తెల్వదా" అని మొగము త్రిప్పుకొనెను. ఇల్లు చిన్నది కాబట్టియే పోవుచున్నానని ఆమెతో చెప్పుట ఎట్లో నాకు తెలియలేదు. చెప్పకయే వచ్చితిని. అది సరియైనదో కాదో, ఇంకొక మాట దొరకవలసియుండెనో, ఇప్పటికిని తెలియదు.

అయినను తిరుగు ప్రయాణమునాడు రైలు కదలు వేళకు ఆమె పరుగెత్తుచు ప్లాటుఫారము మీదికి వచ్చెను. నాతో మాటలాడలేదు. మా వాని చేతిలో స్టీలు డబ్బా ఒకటి పెట్టెను. అందులో పూరీలు, ఆలుగడ్డ కూర. దారిలో తింటిమి. ఆ డబ్బా నేడు మా అటకమీద ఉన్నది. ఖాళీ డబ్బా తిరిగి పంపుట మా ఇండ్లలో లేదు. మొన్న బొంబాయి పోవుచున్న ఒక కుర్రవాడు అడిగెను గాని, నా భార్య ఇయ్యలేదు. క్రిస్మసుకు అరిసెలు వండిన తరువాత పంపుదుమని చెప్పెను.